ముప్పై ఎనిమిదో కాగితం

ఒమాన్‌లోని అల్ సువైక్‌లో హుమైద్ ఖర్జూరపు తోటలో పోచన్నకు రెండు పనులు. చెట్లకు నీళ్ళు పెట్టడం ఒకటి. తోట చివర రెండు గదుల ఇంట్లో ఉండే తెల్ల ముసలాయనను చూసుకోవడం రెండోది. మొదటి పనికి ఒళ్ళు ఎప్పుడో అలవాటు పడిపోయింది. రెండోది మూడేళ్ళ కిందట, ముసలాయన స్నానాల గదిలో జారిపడ్డాక మీద పడింది. పొద్దున లేపి కూర్చోబెట్టాలి. స్నానం చేయించాలి, గడ్డం గీయాలి. హుమైద్ ఇంట్లో వంట చేసే ముంతాజ్ తెచ్చిన తిండి తినిపించాలి. ఎండ ముదరకముందే తోటలో నాలుగడుగులు నడిపించి తీసుకురావాలి.

ముసలాయన పేరు లోరాంట్. వయసు ఎనభై నాలుగు. ఆ పేరుతో పిలిచేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. అందరికీ ఆయన ముహందిస్, అంటే ఇంజినీరు. డెబ్భైల్లో హుమైద్ తండ్రికి ఈ తోటలో బావి ఎక్కడ తవ్వాలో చూపించింది ఆయనే. తండ్రి స్నేహితుడని హుమైద్ ఆయనకు ఇల్లు ఇచ్చాడు, పనికి పోచన్నను ఇచ్చాడు, తిరిగి ఏమీ అడగలేదు. మీదే దేశమని ఎవరైనా అడిగితే ముసలాయన హంగరీ అనేవాడు. అదెక్కడుందో పోచన్నకు తెలియదు. చలి దేశమని మాత్రం తెలుసు.

ఇద్దరూ మాట్లాడుకునేది పని సైట్‌లలో నేర్చిన హిందీ. మధ్యమధ్య అరబ్బీ ముక్కలు. ఎక్కువగా నీళ్ళ గురించే మాట్లాడుకునేవారు. సముద్రం భూమి లోపలి నుంచి పాకి బావుల్లోకి వస్తోంది. ఏడాదికేడాది నీళ్ళు ఉప్పెక్కుతున్నాయి. ముందు నిమ్మచెట్లు ఎండిపోయాయి, తర్వాత పశువుల మేత పోయింది, ఇప్పుడు ఖర్జూరాలు కూడా ఆకుల చివర్లు మాడ్చుకుంటున్నాయి. పోచన్న చుక్క నీళ్ళు నాలుక మీద వేసుకుని ఇంత ఉప్పు అని చెప్పేవాడు. ముసలాయన తన పాత మీటరు ముంచి చూసేవాడు. చాలాసార్లు పోచన్న నాలుకే నిజం చెప్పేది. అప్పుడు ముసలాయన చిన్నగా నవ్వి, "చదువు దండగ" అనేవాడు.

2008 నవంబర్‌లో మస్కట్ నుంచి ఒక కారు వచ్చింది. అందులోంచి ముప్పై ఏళ్ళ తెల్లమ్మాయి ఎస్తర్, కెమెరా మోస్తూ ఇంకొకతను దిగారు. హంగరీ టీవీ వాళ్ళట. వాళ్ళ దేశంలో పాత ప్రభుత్వం పోయి ఇరవై ఏళ్ళవుతోందని, అప్పటి మనుషులను వెతుక్కుంటూ తిరుగుతున్నారట. కారు నడిపింది బోధన్ మనిషి నిజాముద్దీన్. వాళ్ళు లోపల ముసలాయనతో మాట్లాడుతుండగా అతను తోటలోకి వచ్చి, పైపు పట్టుకుని ఉన్న పోచన్న పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

"మీ ముసలాయన సంగతి నీకు మాలూమేనా?" అన్నాడు.

"ఏం సంగతి?"

"ఆయన దొర భాయ్. మామూలు దొర గాదు. పన్నెండు వేల ఎకరాలంట. దారి పొడుగూత మేడమ్ నాతోని ఇంగ్లీషుల అదే ముచ్చట. గడి ఫోటో గూడ చూపిచ్చింది. నాలుగు బురుజులున్నయి. తర్వాత సర్కార్ల మంత్రిగ గూడ చేసిండంట. ఆరు నెల్లు గూడ నిండలే, ఇడిచిపెట్టి ఇక్కడికొచ్చిండంట."

పాదు నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. నిజాముద్దీన్ చూపించాక పోచన్న పైపు మార్చాడు.

పోచన్నది జగిత్యాల దగ్గరి ఊరు. వాళ్ళ బాపు దొర దగ్గర జీతగాడు. ఒక ఎండాకాలం దొర ఎద్దు గుంతలో పడి కాలు విరిగింది. ఆ రోజు మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా బాపును గడి ముందు వంగబెట్టి, వీపు మీద రుబ్బురోలంత రాయి పెట్టారు. దొర అరుగు మీద కూర్చుని ఎవరితోనో మాట్లాడుతూ చుట్ట కాల్చుకున్నాడు. బాపు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ తర్వాత బాపు నిటారుగా నిలబడింది లేదు. పోచన్నకు ఇరవై ఏళ్ళు వచ్చేసరికి ఊళ్ళో రైతుకూలీల సంఘం పెట్టారు. డెబ్భై ఎనిమిదిలో అందరితో కలిసి గడి మీదికి పోయిన వాళ్ళలో పోచన్న ఒకడు. దొర రాత్రికి రాత్రి పట్నం వెళ్ళిపోయాడు. తర్వాత పోలీసులు వచ్చారు. ఆ తర్వాత పోచన్న బొంబాయి పారిపోయాడు, అక్కడి నుంచి ఈ ఎడారికి.

మర్నాడు పోచన్న ముసలాయనను లేపాడు, స్నానం చేయించాడు, తినిపించాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మర్నాడూ అంతే. బావి నీళ్ళు ఎలా ఉన్నాయని ముసలాయన అడిగితే, మీటరు తెచ్చి చేతికిచ్చి బయటికి పోయాడు.

ముంతాజ్ రాయచోటి దగ్గరి మనిషి. గిన్నెలు తీసుకుపోవడానికి వచ్చి గుమ్మం దగ్గర పోచన్నను ఆపింది.

"ఏందన్నా, ఆయప్పతో మాట్లాడకుండా ఉండావంట. సరింగా అన్నం గూడా తింటాండ్లా."

"అన్నం పెట్టుడు నా డ్యూటీ చెల్లె. ముచ్చట పెట్టుడు డ్యూటీల లేదు."

"దొర అని నిజాముద్దీన్ చెప్పినాడులే. అయితే ఏమిప్పుడు? ఆయప్పకు పైజామా బొందు గూడా కట్టుకోను రాదు."

"మా బాపు ఈపు నువ్వు చూడలే."

ముంతాజ్ గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయింది.

మూడో రోజు పొద్దున పోచన్న ముసలాయనను గుమ్మం ముందు కుర్చీలో కూర్చోబెట్టి గడ్డం గీస్తున్నాడు. కత్తి గొంతు కిందికి వచ్చినప్పుడు ముసలాయన కళ్ళు మూసుకునే అన్నాడు.

"నీ చెయ్యి మారింది పోచన్నా. ఇదివరకు ఇలా ఉండేది కాదు. ఏమైంది?"

పోచన్న కత్తి తీసి గిన్నెలో కడిగాడు. అప్పుడు అడిగాడు.

"మీ దగ్గర జీతగాళ్ళు ఉండెనా సాబ్?"

ముసలాయన కళ్ళు తెరిచాడు. ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టు తల ఊపాడు.

"ఉండేవాళ్ళు. రెండు వందల కుటుంబాలు. పశువుల కొట్టాల పక్కన పొడుగాటి షెడ్లలో. నాలుగు కుటుంబాలకు ఒక వంటగది."

"కొట్టేటోళ్ళా?"

"మా నాన్న కొట్టలేదు. ఆయన మేస్త్రీ కొట్టేవాడు."

"మీరు చూసిండ్రా?"

"చూశాను."

"ఏం చేసిండ్రు?"

"ఏమీ చెయ్యలేదు. గుర్రం ఎక్కి వెళ్ళిపోయాను. ఇరవై ఏళ్ళవాణ్ణి."

పోచన్న మళ్ళీ కత్తి అందుకున్నాడు. మిగిలిన సగం గడ్డం గీయాలి కదా. అలా వదిలేసి పోవడం అతని చేత కాలేదు. ముసలాయన కదలకుండా కూర్చుని, మధ్యమధ్య ఆగుతూ చెప్పుకుపోయాడు.

యుద్ధం అయిపోయాక కొత్త సర్కారు భూమి పంచేసింది. జీతగాళ్ళకు తలా కొంత వచ్చింది. తమకేమీ మిగల్లేదు. అప్పుడు బాధపడ్డాడా అంటే, తండ్రి పడ్డాడు, తనకు భుజాల మీది బరువు దిగినట్టు అనిపించింది. తర్వాత దొరల కుటుంబాలన్నిటినీ ఊళ్ళ నుంచి తరిమి మైదానంలో సర్కారు పొలాల్లో పనికి పెట్టారు. రెండేళ్ళు గొర్రెల కొట్టంలో పడుకుని పత్తి చేలు తవ్వాడు. తండ్రి అక్కడే పోయాడు. యాభై ఆరులో తిరుగుబాటు జరిగినప్పుడు కాలినడకన సరిహద్దు దాటాడు. ఆస్ట్రియాలో నీళ్ళ ఇంజినీరింగు చదివి, దేశదేశాలు తిరిగి, యాభయ్యో ఏట ఒమాన్ వచ్చాడు.

"ఇక్కడే ఉండిపోవాల్సింది," అన్నాడు. "తొంభైలో పాత సర్కారు పోయింది. ఒక పార్టీ వాళ్ళు ఫోన్ చేశారు. రండి, మీ పేరు మాకు కావాలి అన్నారు. అరవై ఆరేళ్ళు నాకు. వెళ్ళాను. మా ఊరి నుంచే నిలబెట్టారు, గెలిచాను. వ్యవసాయ శాఖలో ఉపమంత్రిని చేశారు."

"జనం ఓట్లేసిండ్రా? దొరకు?"

"వేశారు. ఓట్లకు ముందు ఊరికి పోయినప్పుడు నా కన్నా పెద్దవాడొకడు, మా షెడ్లలో పుట్టినవాడు, వంగి నా చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. నలభై ఐదేళ్ళు గడిచినా అతని నడుము అలా వంగడం మరిచిపోలేదు. ఆ రోజే తిరిగి వచ్చేయాల్సింది నేను."

పోచన్న చెయ్యి ఆగింది. ముసలాయన గొంతు మీద నురగ ఆరిపోతోంది. తడిగుడ్డతో అద్ది మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఆ ఊళ్ళో అప్పటికి ఉమ్మడి వ్యవసాయం. పాల డెయిరీ ఒకటి ఉండేది. మార్గిత్ అని ఒకామె అక్కడ పాలు పితికేది. ఆమె నా ఎదురుగా నిలబడి అడిగింది. దొరగారూ, మీరు వచ్చారు, ఇక భూమి మళ్ళీ మీదేనా, మేం ఎక్కడికి పోవాలి అని. నాకు గజం కూడా వద్దన్నాను. మీ పొలమూ మీ డెయిరీ మీకే ఉంటాయి, నేనున్నాను అన్నాను. ఆమె నమ్మింది."

"ఉన్నయా మరి?"

"లేవు. అలాంటి ఉమ్మడి పొలాలన్నీ విడగొట్టి వేలం వెయ్యాలని పైన నిర్ణయించారు. నలభై రెండు ఊళ్ళు, నలభై రెండు కాగితాలు. పొద్దున మొదలైన మీటింగు సాయంత్రమైనా తెమల్లేదు. మా ఊరి కాగితం ముప్పై ఎనిమిదోది. చదవకుండా సంతకం పెట్టానని చెప్పను. చదివాను. మార్గిత్ గుర్తుకొచ్చింది. పెట్టనంటే మళ్ళీ మాట్లాడాలి, మళ్ళీ అరవాలి, ఇంకో పది రోజులు అదే గదిలో కూర్చోవాలి. నాకు ఇంటికి పోయి పడుకోవాలని ఉంది. అంతే. సంతకం పెట్టాను."

పోచన్న కత్తి మడిచాడు.

"వారం తర్వాత రాజీనామా ఇచ్చాను," అన్నాడు ముసలాయన. "పేపర్ల వాళ్ళు వేరేగా రాశారు. ముసలి దొర తన జనం కోసం సంతకం పెట్టనన్నాడు, పదవే వదిలేశాడు అని. నేను కాదనలేదు. విమానం ఎక్కి ఇక్కడికి వచ్చేశాను. పద్దెనిమిదేళ్ళుగా అక్కడ అదే అనుకుంటున్నారు. ఎస్తర్ వచ్చింది కూడా ఆ కథ కోసమే. మొన్న ఆమె అడిగితే ఊరుకున్నాను. రేపు మళ్ళీ వస్తుంది."

పోచన్న గడ్డం నీళ్ళు పారబోసి వచ్చాడు. ముసలాయన ఎదురుగా నేల మీద గొంతుకూర్చున్నాడు. ఎవరితోనూ, భార్య కనకవ్వతో కూడా చెప్పని మాట ఎందుకో అక్కడ చెప్పాడు.

"మా ఊరి సంఘం నడిపింది లచ్చన్న. నాకన్న నాలుగేండ్లు పెద్ద. పోలీసులు నన్ను పట్టుకపోయి, లచ్చన్న ఏడున్నడని అడిగిండ్రు. రెండు దినాలు కొట్టిండ్రు, నేను చెప్పలే. మూడో దినం కొట్టలే. ఊకె నిలబెట్టిండ్రు. కన్ను మూస్తే నీళ్ళు చల్లుడు. సాబ్, నేను దెబ్బలకు చెప్పలే. నిద్రకు చెప్పిన. చెప్పినంక గోడకు ఒరిగి పండుకున్న. మంచిగ నిద్ర పట్టింది నాకు."

"లచ్చన్నకు ఏమైంది?"

"మూడేండ్లు జైలు. ఆయన వచ్చేటాళ్ళకు నేను బొంబాయిల ఉన్న. గడి భూమిల మాకు రెండెకరాలు వచ్చింది. ఇప్పుడు నీళ్ళు లేక పడావు పడ్డది. నేనేమో ఈడ ఇంకొకల చెట్లకు నీళ్ళు పెడుతున్న."

ముసలాయన ఓదార్పు మాటలేవీ అనలేదు. కాసేపటికి, ఎండ మీదికి వచ్చిందని పోచన్నే ఆయనను లేపి లోపలికి తీసుకుపోయాడు. ఆ మధ్యాహ్నం బావి నీళ్ళు ఎలా ఉన్నాయని ముసలాయన అడిగితే, "నిన్నటి కంటె ఉప్పే" అని జవాబిచ్చాడు.

మర్నాడు ఎస్తర్ వచ్చినప్పుడు ముసలాయన పోచన్నను వెళ్ళనివ్వలేదు. పక్కన కూర్చోమన్నాడు. కెమెరా పెట్టారు. ఆమె నవ్వుతూ ఏదో అడిగింది. ముసలాయన వాళ్ళ భాషలో మొదలుపెట్టాడు. పోచన్నకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఎక్కడికి వచ్చాడో తెలిసింది. మార్గిత్ అన్న పేరు వినబడింది. తర్వాత ఎస్తర్ నవ్వు పోయింది. ఆమె చేతిలో పెన్ను ఆగింది. ఆమె మళ్ళీ ఏదో అడిగింది, దారి చూపిస్తున్నట్టు, మెల్లగా. ముసలాయన తల అడ్డంగా ఊపి, కుడిచేత్తో గాలిలో సంతకం చేసి చూపించాడు. కెమెరా అతను ఎస్తర్ ముఖం వైపు చూశాడు.

సర్దుకుని వెళ్ళేటప్పుడు ఆమె ముసలాయనకు చెయ్యి ఇచ్చింది గానీ ఎక్కువ మాట్లాడలేదు. కారు వెళ్ళాక ఆయన పూర్తిగా అలిసిపోయి, కుర్చీలోనే నిద్రపోయాడు.

ఫిబ్రవరిలో పార్సెల్ వచ్చింది. అందులో ఒక సీడీ. హుమైద్ తన లాప్‌టాప్ తెచ్చి పెట్టాడు. తోట, ఎండిన నిమ్మచెట్లు, నాలుగు బురుజుల గడి, పార్లమెంటులో ముసలాయన నిలబడ్డ పాత ఫోటో కనబడ్డాయి. ముసలాయన మాట్లాడింది రెండు నిమిషాలు వచ్చింది. అందులో గాలిలో సంతకం లేదు. చివర ఎవరో గంభీరమైన గొంతుతో ఏదో చదివారు.

"ఏమంటున్నరు సాబ్?"

"సంతకం పెట్టనివాడు ఎడారిలో ఒంటరిగా ఉన్నాడు అంటున్నారు." ముసలాయన లాప్‌టాప్ మూసేశాడు. "చెప్పినా వినరు వీళ్ళు. నేనే రాయాలి."

మార్గిత్‌కు ఉత్తరం రాయడానికి ఆయనకు ఐదు రోజులు పట్టింది. చెయ్యి వణికేది. పోచన్న అట్ట కదలకుండా పట్టుకునేవాడు. రోజుకు నాలుగు వాక్యాలు. ఐదో రోజు సంతకం దగ్గరికి వచ్చేసరికి ఆయన పెన్ను కింద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని సంతకం చేశాడు. అటు వైపు వచ్చిన నిజాముద్దీన్ మస్కట్ తిరిగి పోతూ దాన్ని పోస్టు చేశాడు.

ఏప్రిల్‌లో జవాబు వచ్చింది. మార్గిత్ కూతురు రాసింది. ఒకే పేజీ. ముసలాయన రెండుసార్లు చదువుకుని, పోచన్నకు చెప్పాడు.

"అమ్మ తొంభై ఎనిమిదిలోనే పోయింది అని రాసింది. మీ సంతకం ఉన్న కాగితం నకలు వేలం రోజే ఊళ్ళో అంటించారు, మాకందరికీ మొదటి నుంచీ తెలుసు అని. టీవీలో మీ గురించి చెప్పినప్పుడల్లా అమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయేది అని. డెయిరీ పైకప్పు కూలిపోయిందట. ఇంకేమీ లేదు."

"తిట్టిందా?"

"లేదు. తిడితే బాగుండేది." ఆయన ఉత్తరం మడిచాడు. "పదేళ్ళు ఆలస్యం చేశాను. నీ లచ్చన్న బతికే ఉన్నాడా?"

"ఉన్నడు."

"మరి?"

పోచన్న పైపు మార్చాలని లేచి తోటలోకి పోయాడు. తర్వాత మూడు వారాలు ముసలాయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. అడగకపోవడమే పోచన్నకు ఎక్కువ బరువైంది.

మే నెలలో ఒక శుక్రవారం పొద్దున పోచన్న బజారుకు పోయి ఫోన్ కార్డు కొన్నాడు. కనకవ్వకు చేసి లచ్చన్న కొడుకు నంబరు అడిగాడు. ఎందుకని ఆమె అడిగితే పని ఉందన్నాడు. దుకాణం నీడలో నిలబడి ఆ నంబరు నొక్కాడు. కొడుకు ఎత్తి, తండ్రికి ఇచ్చాడు.

"ఎవలు?"

"నేను, పోచన్నను. మస్కట్ నుంచి."

"ఆ, పోచన్నా. పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్న. అన్నా, ఒక మాట చెప్పేదుండె. ముప్పై ఏండ్లాయె. ఆనాడు నువ్వు ఏడున్నవో పోలీసులకు చెప్పింది నేనే."

అవతల దగ్గు వినబడింది. కార్డులో నిమిషాలు పోతున్నాయి. పోచన్న వాటి గురించి ఆలోచించలేదు.

"ఎరుకే," అన్నాడు లచ్చన్న. "జైల్ల ఉన్ననాడే ఎరుకైంది. ఎస్సై నాకు చెప్పి నవ్విండు."

"మరి ఏనాడు అడగకపోతివి?"

"మొదలు అడుగుదామనే ఉండె. నరుకుదామని గూడ ఉండె, అబద్ధమెందుకు. నువ్వు బొంబాయి పోతివి. మల్ల నా పిల్లలు, నా ఎవుసం, నా అప్పులు. కోపం సుత తిండి పెడితేనే బతుకుతది పోచన్నా. నాకాడ దానికి తిండి లేకుండె."

"తప్పయింది అన్నా."

"అయింది." లచ్చన్న గొంతులో మెత్తదనమూ లేదు, కాఠిన్యమూ లేదు. "నా మూడేండ్లు పోయినయి. మా అవ్వ నేను లోపలున్నప్పుడే సచ్చిపోయింది. అది నువ్వు తెచ్చియ్యలేవు. ఇగ పెట్టెయ్, పైసలు దండుగ."

"సరే అన్నా."

"ఊరికొస్తే ఇంటికి రా," అని లచ్చన్న పెట్టేశాడు.

పోచన్న తోటకు నడిచి వచ్చేసరికి పదకొండయింది. ముసలాయన మంచం మీద ఒరిగి ఉన్నాడు. ఆ వారమంతా ఆయన లేవలేదు. పోచన్న నీళ్ళు తాగించి, చెప్పింది చెప్పినట్టు చెప్పాడు. ఎస్సై నవ్విన మాట, తల్లి చచ్చిపోయిన మాట, అన్నీ.

"రమ్మన్నాడా ఇంటికి?"

"రమ్మన్నడు."

"వెళ్తావా?"

"ఎరుక లేదు సాబ్. ఆయన ముందట కూసునుడు అల్కగ కాదు."

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. "కాదు," అన్నాడు.

జూన్ రెండో వారంలో, మధ్యాహ్నం అన్నం వేళ, లోరాంట్ పోయాడు. ముంతాజ్ పిలిస్తే పోచన్న పరుగున వచ్చాడు. హుమైద్ హంగరీ దేశపు ఆఫీసుకు ఫోన్ చేశాడు. రావలసిన బంధువులు ఎవరూ లేరన్నారు. మస్కట్‌లో క్రైస్తవుల శ్మశానానికి తీసుకుపోవాలి. అంతకుముందు పోచన్న తలుపు మూసి, ఎప్పటిలాగే ఆయనకు స్నానం చేయించాడు, గడ్డం గీశాడు, ఉతికిన చొక్కా తొడిగాడు. మనిషి చాలా తేలికగా ఉన్నాడు. నిజాముద్దీన్ సెలవు పెట్టి వచ్చాడు. శ్మశానంలో ఉన్నది హుమైద్, అతని తమ్ముడు, పోచన్న, నిజాముద్దీన్, ఒక ఫాదరీ, అంతే. వాళ్ళ దేశం పేపర్లో చిన్న వార్త వచ్చిందని, సంతకం పెట్టనివాడు పోయాడని రాశారని, తర్వాత ఎప్పుడో హుమైద్ చెప్పాడు.

ఆ ఆగస్టులో హుమైద్ తోట మానేశాడు. పంపు విప్పి అమ్మాడు. పోచన్నకు సలాలాలో తన బావమరిది కొబ్బరి తోటలో పని ఇప్పించాడు. అక్కడ వాన పడుతుందని, పని తేలికని చెప్పాడు. వెళ్ళేముందు రెండు నెలలు సెలవు కావాలా, ఊరికి పోయి వస్తావా అని అడిగాడు. పోచన్న ఆ రోజంతా ఆలోచించాడు. సాయంత్రం వెళ్ళి, పోతానని చెప్పాడు.

టికెట్ జగిత్యాల మనిషి ఒకతనితో కలిపి తీశారు. ముంతాజ్ తన చెల్లెలి పిల్లలకని ఒక సంచి ఇచ్చి, రాయచోటి బస్సు ఎక్కేవాళ్ళెవరైనా ఉంటే అందించమంది. "యాడికి పోతాండావు ముందు, ఇంటికేనా?" అని అడిగింది.

"ఇంటికే. ఇంట్ల సంచి పెట్టి లచ్చన్న కాడికి పోవాలె," అన్నాడు పోచన్న. "తెల్లారితె మల్ల మనసు ఒప్పది."